కారును ఎంత దించవచ్చు?

స్పోర్ట్స్ కారు చేతికొచ్చిన చాలామందికి మొదట కనబడే లోపం చక్రానికీ ఫెండరుకీ మధ్య ఉన్న ఖాళీ. నాలుగు వేళ్లు దూరేంత సందు ఉంటే అది ఫొటోల్లో చూసిన రేసు కారులా లేదనిపిస్తుంది. పొట్టి స్ప్రింగులు ఒక్క పూటలో మారిపోతాయి, మిగతా మార్పులతో పోలిస్తే ఖర్చూ తక్కువే. పైగా సైన్సు కూడా దీనికి అండగా ఉన్నట్టే కనబడుతుంది: గరిమనాభి కిందికి వస్తే కారు మలుపులో తక్కువ ఒరుగుతుంది, టైర్లు నేలను గట్టిగా పట్టుకుంటాయి. ఈ వాదనలో అబద్ధం లేదు. అందులో నిజం పాలు ఎంతో కొలిచి చూసేవాళ్లే తక్కువ. కొలిస్తే, ఎత్తు తగ్గడం వల్ల దక్కే లాభం చిన్నదనీ, దానికోసం సస్పెన్షన్‌లో చెడేవి పెద్దవనీ తేలుతుంది. చెడినవాటిని ఒక్కొక్కటిగా సరిచేసుకుంటే దించిన కారు నిజంగానే బాగా నడుస్తుంది. ఆ ఘనతలో ఎక్కువ భాగం మాత్రం సరిచేసిన పనికే దక్కాలి. అందువల్ల ఎంత దించాలో ఫెండరు వైపు చూసి తేల్చలేం. చక్రం పైకి ఎంత కదలగలదు, దాన్ని కింది వైపు నుంచి పట్టుకునే లోయర్ ఆర్మ్ ఏ కోణంలో నిలుస్తుంది అన్న రెండు లెక్కలు ముగిశాక మిగిలేదే సరైన ఎత్తు.

ముందు లాభం సంగతి చూద్దాం. ఉదాహరణకు 2012లో వచ్చిన టొయోటా 86ను తీసుకోవచ్చు. సుబారుతో కలిసి తయారుచేసిన ఈ కారులో ఇంజన్ సిలిండర్లు అడ్డంగా పడుకుని ఉంటాయి కాబట్టి గరిమనాభి పుట్టుకతోనే కింద ఉంది. నేల నుంచి సుమారు 460 మి.మీ. బరువు దగ్గర దగ్గర 1,250 కిలోలు, ఎడమ కుడి చక్రాల మధ్య దూరం 1.53 మీటర్లు. కారు బరువుతో సమానమైన బలం పక్కకు లాగేంత గట్టి మలుపులో లోపలి చక్రాల మీది నుంచి బయటి చక్రాల మీదికి సుమారు 375 కిలోల భారం మారుతుంది. ఇప్పుడు కారును 30 మి.మీ. దించుదాం. చక్రాలు, బ్రేకులు, హబ్బులు ఉన్నచోటే ఉంటాయి కాబట్టి గరిమనాభి నిజంగా దిగేది 26 మి.మీ. అనుకోవచ్చు. అప్పుడు మారే భారం 355 కిలోలు. తేడా 20 కిలోలు, అంటే ఐదారు శాతం. టైరు మీద భారం పెరిగినంతగా దాని పట్టు పెరగదు కాబట్టి ఈ ఐదారు శాతానికి విలువ ఉంది, కాదనలేం. అయినా మామూలు టైర్లు తీసి మంచి స్పోర్ట్స్ టైర్లు వేస్తే వచ్చే తేడా ముందు ఇది నిలవదు. ఆ 86నే పొదుపు కార్లకు వేసే తరహా 215 మి.మీ. టైర్లతో అమ్మారు. పట్టు కావాలనుకునేవాడికి అసలు అవకాశం ఎక్కడుందో దాన్ని బట్టే తెలుస్తుంది.

ఇక నష్టాల విషయం. వాటిలో అన్నిటికన్నా ఎక్కువ పట్టించుకోవలసింది రోల్ సెంటర్. మలుపులో కారు శరీరం ఒక ఊహా బిందువు చుట్టూ ఒరుగుతుంది; ఆ బిందువు ఎక్కడుండాలో సస్పెన్షన్ ఆర్మ్‌ల కోణాలే నిర్ణయిస్తాయి. పక్కకు లాగే బలం పనిచేసేది గరిమనాభి దగ్గర. ఈ రెంటి మధ్య దూరమే కారును ఒరిగించే మీట. గడ్డపార పొడుగు పెరిగేకొద్దీ రాయి తేలిగ్గా కదిలినట్టే, ఈ దూరం పెరిగేకొద్దీ కారు తేలిగ్గా ఒరుగుతుంది. 1950 దశకం మొదట్లో ఫోర్డ్ కార్లతో ప్రచారంలోకి వచ్చిన మెక్‌ఫెర్సన్ స్ట్రట్ ఇప్పుడు ఎన్నో కార్లకు ముందు సస్పెన్షన్; 86కీ అదే. దీంట్లో కారును దించితే లోయర్ ఆర్మ్ బయటి కొస పైకి లేస్తుంది, దాంతో రోల్ సెంటర్ గరిమనాభి కన్నా వేగంగా కిందికి పోతుంది. 350 మి.మీ. పొడవైన ఆర్మ్, పది డిగ్రీలు వాలిన స్ట్రట్ అనుకుని కాగితం మీద లెక్క వేయండి: కారు 30 మి.మీ. దిగితే రోల్ సెంటర్ 80 మి.మీ. దాకా దిగుతుంది. గరిమనాభి దిగింది 26 మాత్రమే. అంటే ముందు ఇరుసు దగ్గర మీట పొడవు సుమారు 15 శాతం పెరిగింది. ఒరుగు తగ్గించాలని దించిన కారులో ఒరిగించే బలమే పెరిగిందన్నమాట. కొత్త స్ప్రింగు పాతదానికన్నా 30 శాతం గట్టిగా ఉంటే, అందులో సగం ఈ బాకీ తీర్చడానికే సరిపోతుంది. ఏ కారుకు ఆ కారు అంకెలు మారతాయి కాని, స్ట్రట్ ఉన్నచోట లెక్క పోయే దిశ మారదు.

చక్రం నిలబడే తీరు కూడా చెడుతుంది. మలుపులో కారు ఒరిగినప్పుడు బయటి చక్రం కూడా దానితోపాటు బయటికి వాలబోతుంది. చక్రం పైకి కదిలేటప్పుడు దాని తల లోపలికి వంగేలా ఆర్మ్‌ల కోణాలను అమర్చి ఈ వాలును కొంతవరకు రద్దు చేస్తారు. స్ట్రట్‌లో ఈ సాయం అసలే తక్కువ. కారును దించాక ఆర్మ్ స్ట్రట్‌కు లంబకోణం దాటి పైకి పోతే ఆ సాయం ఆగిపోయి తిరగబడుతుంది. అప్పుడు టైరు బయటి అంచు మీదే నడుస్తుంది. ముందుగానే క్యాంబర్‌ను, అంటే చక్రం నిలువు వాలును, లోపలికి రెండు డిగ్రీలు పెట్టించుకుని దీన్ని పూడ్చుకోవచ్చు, కాని తిన్నగా పోతూ బ్రేకు వేసినప్పుడు టైరు మొత్తం నేలకు ఆనదు. స్టీరింగ్ కదలికను చక్రానికి చేర్చే టై రాడ్‌దీ ఇదే గొడవ. లోయర్ ఆర్మ్, టై రాడ్ రెండూ ఒకే రకం వంపులో కదిలినంతకాలం చక్రం పైకీ కిందికీ ఊగినా దాని దిశ మారదు. ఎత్తు మారి ఆ పొత్తు చెడితే, స్టీరింగ్ కదపకపోయినా ప్రతి గతుకు దగ్గరా చక్రం తనంతట తానే కొద్దిగా తిరుగుతుంది. దీన్నే బంప్ స్టీర్ అంటారు. గంటకు నలభై కిలోమీటర్లలో ఇది చిరాకు. నూట ఇరవైలో, అదీ మలుపు మధ్యలో అయితే, భయం. ముందూ వెనకా డబుల్ విష్‌బోన్‌తో (చక్రానికి పైనా కిందా ఒక్కో ఆర్మ్) 1989లో వచ్చిన మాజ్దా ఎంఎక్స్-5 లాంటి కార్లు ఈ విషయంలో ఎక్కువ ఓర్చుకుంటాయి. వాటిని దించినా క్యాంబర్ సాయం పూర్తిగా పోదు. కాబట్టి మిత్రుడి కారు 35 మి.మీ. దించినా బాగానే నడుస్తోంది అన్న మాట, రెండు కార్ల సస్పెన్షనూ ఒకటైతే తప్ప పనికిరాదు.

కోణాలు చెడినా సరిచేసే భాగాలున్నాయి. పోయిన కదలికను తిరిగి తేవడమే కష్టం. చక్రం పైకి 80 మి.మీ. కదిలే కారును 30 దించితే మిగిలేది 50. గతుకు మాత్రం చిన్నది కాలేదు. అది తెచ్చే శక్తిని తక్కువ దూరంలో మింగాలి. స్ప్రింగులో ఇమిడే శక్తి నొక్కుకున్న దూరపు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, 50 మి.మీ.లో ఆ పనే చేయాలంటే స్ప్రింగు రెండున్నర రెట్లు గట్టిగా ఉండాలి. బజారులో దొరికే పొట్టి స్ప్రింగులు అంత గట్టిగా ఉండవు, ఉంటే రోడ్డు మీద కూర్చోలేం. మిగతా పని చక్రం కదలికను చివర్లో ఆపే దిమ్మె, బంప్ స్టాపర్ మీద పడుతుంది. స్టాపర్‌లో తప్పేమీ లేదు. నేటి కార్లలో దాన్నొక రెండో స్ప్రింగులాగా లెక్కలోకి తీసుకునే తయారుచేస్తారు. చిక్కల్లా అది ఎప్పుడు తగులుతుందన్నదే. మలుపులో ఒరిగిన కారు ముందు స్టాపర్‌కు ఆనిందంటే ఆ కొస ఒక్కసారిగా బిగుసుకుని ముందు చక్రాలు జారతాయి, కారు మలుపు వదిలి వెడల్పుగా పోతుంది. వెనక స్టాపర్ మొదట ఆనితే తోక విసిరేస్తుంది. స్టాపర్ తగిలే ముందు ఒక కారు, తగిలిన తర్వాత ఇంకో కారు. మధ్యలో డ్రైవరుకు హెచ్చరిక ఉండదు. దించిన కారు మామూలు వేగంలో హాయిగా, పరిమితి దగ్గర మొండిగా ఉందని ఎవరైనా అంటే నేను మొదట అనుమానించేది దీన్నే. స్ప్రింగును కోసి పొట్టి చేసేవాళ్ల పద్ధతి ఇంకా నాసి. ఎనిమిది చుట్ల స్ప్రింగులో ఒక చుట్టు కోస్తే అది పద్నాలుగు శాతం గట్టిపడుతుంది, నిజమే. కాని చక్రం గాలిలోకి వేలాడినప్పుడు స్ప్రింగు తన గూడులోంచి జారిపోయే ప్రమాదం ఉంది. వేడి చేసి కుంగదీసిన స్ప్రింగైతే లోహపు పదునే పోగొట్టుకుంటుంది.

గట్టి స్ప్రింగుకు పాత షాక్ అబ్జార్బర్ సరిపోదు. స్ప్రింగు సగం మేర గట్టిపడితే, ఊగు మునుపటిలాగే అణగాలంటే షాకు బలం ఇరవై శాతం పైన పెరగాలి. లేకపోతే గతుకు దాటాక కారు మరో రెండుసార్లు ఊగుతుంది, టైరు మీది భారం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, పట్టు పోతుంది. ఎత్తుకన్నా ఈ జోడీయే కారు స్వభావాన్ని నిర్ణయిస్తుందనడానికి 86 దగ్గరే సాక్ష్యం ఉంది. దాని కవల సుబారు బీఆర్‌జెడ్. శరీరం, ఇంజన్, ఆర్మ్‌లు రెండింటికీ ఒకటే. తొలి సంవత్సరాల్లో సుబారుకు ముందు స్ప్రింగులు గట్టివి, వెనకవి మెత్తనివి, టొయోటాకు దీనికి తలకిందులు. రెంటినీ నడిపి చూసిన పత్రికలవాళ్లు టొయోటా తోక తిప్పడానికి ఉబలాటపడుతుందనీ, సుబారు నిలకడగా ఉంటుందనీ రాశారు. స్ప్రింగు, షాకు అమరిక మాత్రమే మారి రెండు వేరు కార్లు పుట్టాయి.

చరిత్రలో ఇంకా మంచి ప్రయోగం ఒకటి అనుకోకుండా జరిగింది, అదీ వ్యతిరేక దిశలో. ఇంగ్లండులో అబింగ్డన్ కర్మాగారంలో తయారైన ఎంజీబీ స్పోర్ట్స్ కారును అమెరికా బంపర్ నిబంధనలకోసం 1974 చివర్లో పైకి లేపారు. ఒక అంగుళం పైచిలుకు. అదే సమయంలో ఖర్చు తగ్గించడానికి ముందున్న యాంటీ రోల్ బార్ (ఒరుగును అడ్డుకునే కడ్డీ) కూడా తీసేశారు. కారు పడవలా ఊగుతోందని పేరుపడింది. ఎత్తు పెంచితే చెడింది కనక దించితే బాగుపడుతుంది అని దీన్నుంచి తీర్మానించేవాళ్లున్నారు. తర్వాత జరిగింది వాళ్లు చెప్పరు. 1977 మోడల్ నుంచి కంపెనీ ఆ ఎత్తును అలాగే ఉంచి, ముందు బారును తిరిగి పెట్టి, వెనక కూడా ఒకటి చేర్చింది. ఒరుగు చాలావరకు అదుపులోకి వచ్చింది. అంటే ఎంజీబీ తప్పులో ఎత్తుది కొంత వాటా, బారుది పెద్ద వాటా. ఈరోజు ఆ కార్లను దించుకునేవాళ్లు చేస్తున్నది తొలి రూపకర్తలు గీసిన ఎత్తుకు తిరిగి వెళ్లడమే. పాత పోర్షా 911 కథా ఇలాంటిదే. అమెరికాకు పంపిన కార్లు యూరప్ కార్లకన్నా కొంచెం ఎత్తుగా ఉండేవి. వాటికి చుట్ల స్ప్రింగులకు బదులు మెలితిరిగే టార్షన్ బార్లు కాబట్టి స్ప్రింగు బలం మారకుండానే ఎత్తు తగ్గించుకోవచ్చు. యూరప్ ఎత్తు వరకు దించితే పెద్ద ఇబ్బంది లేదు. ఇంకా దిగితే స్టీరింగ్ ర్యాక్ కింద దిమ్మెలు పెట్టి టై రాడ్ కోణం సరిచేయాలి, మరీ దిగితే స్పిండిల్‌నే పైకి జరిపిన స్ట్రట్ వేయాలి. రేసులకోసం పోర్షా కూడా ఈ దారే పట్టింది: శరీరాన్ని మాత్రం కిందికి తెచ్చి, ఆర్మ్‌లను వాటి కోణంలోనే ఉంచింది.

కంపెనీలు స్వయంగా దించేటప్పుడు ఎంత జాగ్రత్తపడతాయో చూసినా విషయం తెలుస్తుంది. ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ జీటీఐ మామూలు గోల్ఫ్‌కన్నా దిగింది 15 మి.మీ.; ఆ కొద్దిపాటికే స్ప్రింగులు, షాకులు తగ్గట్టు మార్చారు. 2015లో వచ్చిన కేమన్ జీటీ4 మామూలు కేమన్‌కన్నా 30 మి.మీ. కింద ఉంటుంది. ఆ ముప్ఫై మిల్లీమీటర్లతోపాటు ముందు ఇరుసు భాగాలను 911 జీటీ3 నుంచి తెచ్చుకున్నారు. సొంత కారు డ్రాయింగులు, పరీక్షా ట్రాకు, ఇంజనీర్లు అన్నీ చేతిలో ఉన్న సంస్థకే ఆ ఎత్తు దగ్గర కొత్త భాగాలు కావలసివస్తే, ఒక జత స్ప్రింగులతో అదే ఫలితం వస్తుందని ఎలా నమ్మడం? ఇంకోవైపు, మంచి నడకకు కరకుదనం అక్కర్లేదని లోటస్ ఎలాన్ 1962లోనే చూపించింది. తేలికైన శరీరం, మెత్తని స్ప్రింగులు, చక్రానికి ధారాళమైన కదలిక. ఇప్పటికీ దాన్ని నమూనాగా చెప్పుకుంటారు. 2017లో మళ్లీ వచ్చిన ఆల్పీన్ ఏ110 కూడా ఆ బాటలోదే.

ఇంత చెప్పినా ఒక ప్రశ్న మిగులుతుంది: మరి రేసు కార్లు నేలకు అంటుకుపోయి ఎందుకుంటాయి? వాటి ఆర్మ్‌లు ఆ ఎత్తుకే గీసినవి, స్ప్రింగులు రోడ్డు కార్లకన్నా ఎన్నో రెట్లు గట్టివి, తిరిగేది నునుపైన ట్రాకు మీద. పైగా ఫార్ములా వన్ కారు కింద ఉండేది ముఖ్యంగా అడుగున పారే గాలికోసం. గంటకు ఎనభైలో మలుపు తిరిగే రోడ్డు కారుకు ఆ లాభం లేదు. అయినా ఆ కార్లు కూడా ఎత్తుకు వెల చెల్లిస్తూనే ఉన్నాయి. 2022లో కొత్త నిబంధనల కార్లు తిన్నని దారిలో ఎగిరెగిరి పడుతుంటే మరుసటి ఏడాదికి అడుగుభాగం అంచులను 15 మి.మీ. పైకి లేపించారు. 2023లో గతుకులున్న ఆస్టిన్ ట్రాకు మీద రెండో స్థానంలో వచ్చిన డ్రైవర్ హామిల్టన్‌నూ, వేరే జట్టు డ్రైవర్‌గా ఆరో స్థానంలో వచ్చిన లెక్లెర్క్‌నూ అనర్హులను చేశారు. కారు అడుగున ఉండే పలక అనుమతించిన దానికన్నా ఎక్కువ అరిగింది. ప్రపంచంలోకెల్లా మంచి ఇంజనీర్లు రెండు జట్లలోనూ ఉన్నారు, గతుకులున్న చోట ఎత్తు లెక్క తప్పారు.

మరింత బలమైన అభ్యంతరం అనుభవానిది. స్ప్రింగులు మార్చాక కారు చురుగ్గా తిరుగుతోందని చెప్పేవాళ్లు ఊరికే చెప్పడం లేదు. గట్టి స్ప్రింగు మీద కారు త్వరగా ఒరిగి త్వరగా నిలబడుతుంది, స్టీరింగ్‌కు జవాబు వెంటనే వస్తుంది. మనిషి ఒంటికి మొదట తెలిసేది ఆ చురుకే. పైగా దించిన కారుకు వీల్ అలైన్‌మెంట్ కొత్తగా చేస్తారు, క్యాంబర్ కొంత పెరుగుతుంది, చాలాసార్లు టైర్లు కూడా అప్పుడే మారతాయి. ఇన్ని మార్పుల ఫలితాన్ని ఒక్క ఎత్తు ఖాతాలో వేయడం సరికాదు. అదే స్ప్రింగు బలం, అదే క్యాంబర్ పాత ఎత్తులో ఇస్తే ఆ చురుకు దాదాపు అంతా దక్కుతుంది, స్టాపర్ దాకా కదలికా మిగులుతుంది. పరిమితికి దూరంగా తెలిసే చురుకునూ పరిమితి దగ్గర ఉండే నమ్మకాన్నీ విడివిడిగా చూడాలి. మొదటిది ఊరు చుట్టి వస్తే తెలుస్తుంది. రెండోది తడిసిన మలుపులో గుంత ఎదురైనప్పుడు.

అలాగని దించడమే తప్పని నేను అనను. క్రమం తప్పకపోతే చాలు. ముందు, ఇప్పుడున్న ఎత్తులో స్టాపర్ తగలడానికి ఎంత కదలిక ఉందో కొలవాలి. దాన్నుంచి ఎంత వదులుకోగలమో చూసి స్ప్రింగు బలం, దానికి జోడుగా షాకు ఎంచుకోవాలి. ఎత్తు మార్చుకునే కాయిలోవర్లలో రెండు రకాలున్నాయి. స్ప్రింగు కూర్చునే పళ్లాన్ని కిందికి తిప్పే రకంలో ఎత్తుతోపాటు పైకి కదిలే దూరమూ పోతుంది. షాకు అడుగుభాగాన్నే మర తిప్పి పొట్టి చేసే రకంలో ఆ దూరం నిలుస్తుంది. అందులో స్టాపర్ ఆపేలోపే టైరు ఫెండర్ లోపలి అంచుకు తగలవచ్చు కాబట్టి దాన్నీ కొలవాలి. స్ట్రట్ కారు 25 మి.మీ. దాటి దిగితే పొడుగు బాల్ జాయింట్ వేసి ఆర్మ్ కోణాన్ని తిరిగి తేవాలి, దానితోపాటు టై రాడ్ కొసనూ అంతే దించాలి; ఒకటి మార్చి రెండోది వదిలేస్తే బంప్ స్టీర్ ఇంకా ముదురుతుంది. మెకానిక్కులు తరచు మరిచేది రబ్బరు బుష్‌లను. అవి పాత ఎత్తులో బిగించి ఉంటాయి. దించాక బోల్టులు వదులుచేసి, కారు చక్రాల మీద నిలిచినప్పుడు మళ్లీ బిగించకపోతే అవి మెలిపడే ఉండి తొందరగా చిరుగుతాయి. యాంటీ రోల్ బార్ లింకుల పొడవు, హెడ్‌లైట్ల గురి, స్ప్రింగులు కుదురుకున్నాక మరోసారి అలైన్‌మెంట్, ఇవన్నీ ఆ పనిలో భాగమే. జర్మనీలో కారును దించే స్ప్రింగులు పరీక్షా ధ్రువపత్రంతో వస్తాయి, బిగించాక తనిఖీ చేయించి నమోదు చేసుకోవాలి. 

మన రోడ్ల మీద లెక్క ఇంకా బిగువు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన స్పీడ్ బ్రేకర్ పది సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు, 17 మీటర్ల వ్యాసార్ధపు వంపు. ముందు, వెనక చక్రాల మధ్య 2.57 మీటర్లున్న కారు ఆ వంపు మీద నిలిస్తే అది కారు అడుగున నడుమ దాదాపు 50 మి.మీ. మింగుతుంది. నేల నుంచి 130 మి.మీ. ఎత్తున్న కారుకు 80 మిగులుతుంది, ముప్ఫై దించితే 50. ఇద్దరు ఎక్కి బ్రేకు మీద కారు ముందుకు కుంగితే ఇంకా తక్కువ. అదీ కొలతల ప్రకారం కట్టిన బ్రేకర్ అయితే. హైదరాబాదు కాలనీల్లో, విజయవాడ సందుల్లో రాత్రికి రాత్రి లేచే సిమెంటు దిబ్బలకు ఏ వ్యాసార్ధమూ లేదు. చట్టం కూడా మరిచిపోకూడదు: 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం ప్రకారం, అనుమతి లేని ప్రతి మార్పుకూ యజమానికి ఐదు వేల రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు.

రోడ్డు మీద తిరిగే స్ట్రట్ కారుకు, జోడు కుదిరిన స్ప్రింగు, షాకులతో 15 నుంచి 25 మి.మీ. దించడం సమంజసం. డబుల్ విష్‌బోన్ కారుకు ఇంకో ఐదు పది కలపవచ్చు. స్ట్రట్ కారు 25 దాటాలంటే బాల్ జాయింట్లు, టై రాడ్ కొసలు తప్పనిసరి. వాటికి డబ్బు లేకపోతే ఎత్తు అలాగే ఉంచి ఆ సొమ్ము టైర్లకు, అలైన్‌మెంటుకు పెట్టడం మేలు. పని ఒప్పుకునే ముందు దుకాణదారును మూడు అంకెలు కాగితం మీద రాసివ్వమనండి: కొత్త స్ప్రింగు బలం పాతదానికి ఎన్ని రెట్లు, దించాక స్టాపర్ తగలడానికి ఎంత కదలిక మిగులుతుంది, దించిన తర్వాత క్యాంబర్, టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) ఎంత పెడతారు. ఈ మూడూ చెప్పలేని చోట మీ కారు స్ప్రింగులు విప్పనివ్వకండి.